ఒకే ఆల్బంలో ఇద్దరు పెండ్లికూతుళ్లు

నల్లగొండ జిల్లాలో నా చెయ్యి పడని పెళ్లి ఫొటో లేదు. చాలా ఏళ్లు అలా చెప్పుకుంటూ తిరిగాను. నిజానికి నేను పనిచేసింది బస్టాండు వెనక గల్లీలో ఒకే స్టూడియోలో, ఒకే సేటు దగ్గర. అదే గల్లీలో ఇంకో మూడు స్టూడియోలు ఉండేవి. వాళ్లు తీసిన పెళ్లిళ్లకు నేను భోజనానికి కూడా పోలేదు. అయినా పని మానేసి ఇంట్లో కూర్చున్న మనిషి చెప్పుకోవడానికి కనీసం జిల్లా అంత చోటైనా కావాలి కదా.

పొద్దంతా తెర ముందు కూర్చుని, సాయంత్రం కళ్లు నలుపుకుంటూ లేచే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. మీకు జీతం ఎక్కువ, కుర్చీ మెత్తన, గదిలో చల్లదనం. మీ మీద కూడా నాకు కొంచెం కుళ్లే. కానీ ఈ కథలో నేను కుళ్లుకున్నది మీ మీద కాదు.

నా పని ఫొటోలు బాగుచేయడం. ఫిల్ము రోజుల్లో సన్నటి పెన్సిలుతో నెగెటివు మీద మొటిమలు చెరిపేవాణ్ని. డార్క్ రూములో ఎర్ర బల్బు కింద ఫొటోలు కడిగేవాణ్ని. తర్వాత కంప్యూటరు వచ్చింది. ఫిల్ము పోయింది, మందునీళ్ల తొట్లు పోయాయి, కానీ మా వాళ్లలో ఒక నమ్మకం మాత్రం పోలేదు. ఫొటో పని చీకట్లో చేయాలి. వెలుతురులో కూర్చుని చేసేది జిరాక్సు పని. అందుకే కంప్యూటరు రాగానే దాన్ని అదే డార్క్ రూములో పెట్టించుకున్నాను. ఎర్ర బల్బు తీసేశాను గాని ఎర్ర పరదా ఉంచాను. పరదా వెనక నేనుంటే సేటు కూడా ఒకసారి దగ్గి గాని లోపలికి వచ్చేవాడు కాదు. ఆ దగ్గు కోసమే ఆ పరదా.

తెలంగాణ వచ్చిన కొత్తలో సేటు పాత డబ్బా మానిటర్లు తీసేసి రెండు పల్చటి తెరలు కొన్నాడు. ఒకటి నా చీకటి గదిలోకి, రెండోది ముందు కౌంటరు పక్కకు, అద్దాల తలుపు దగ్గరికి. పాత తెర ముసలిదై మసకబారింది. కొత్తది వేయగానే గదంతా వెలిగింది. కింది అంచున ఉన్న బటను నొక్కి బ్రైట్‌నెస్ ఆఖరి దాకా పెంచేశాను. పెండ్లికూతురు ముఖం పున్నమిలాగా వచ్చింది. మంచి వస్తువు కొన్నాక సగమే వాడుకుంటామా అనుకున్నాను. ఆ బటను మళ్లీ ముట్టుకోలేదు.

అద్దాల తలుపు దగ్గరి తెర ముందు కూర్చోవడానికి సేటు ఒకామెను తీసుకున్నాడు. దేవరకొండ అవతల ఒక చిన్న పల్లె ఆమెది. తల్లిదండ్రులు కూలి చేసి చదివించారు. ముప్పై దాటిన మనిషి, ఇద్దరు పిల్లల తల్లి. అంతకుముందు ఫ్లెక్సీలు కొట్టే షాపులో చేసింది. మొదటి రోజు నుంచే నన్ను అన్నా అని పిలిచింది. నేను చెల్లె అన్నాను. నోట్లో చెల్లె, కడుపులో సవతి.

ఆదివారం ఆమె చర్చికి పోయేది, సేటు ఏమీ అనేవాడు కాదు. నేను పండగకు సెలవు అడిగితే సీజను గుర్తుకొచ్చేది ఆయనకు. ఆమె టిఫిను డబ్బా తెరిస్తే కౌంటరు దాకా ఘుమఘుమ. ఇవన్నీ చిన్నవి, ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనివి ఆమె కళ్లు. సాయంత్రానికి నా కళ్లు ఎర్రబారి, ఇసుక పోసినట్టు గరగరలాడేవి. కణతలు నొప్పి. పరదా తీసి బయటికి వస్తే ఎండ సూదిలా గుచ్చేది. ఆమె మాత్రం పొద్దున ఎలా వచ్చిందో సాయంత్రం బస్సెక్కేటప్పుడూ అలాగే ఉండేది. రోజంతా తెర చూసిన కళ్లలా ఉండేవి కావు, అప్పుడే ముఖం కడుక్కుని వచ్చినట్టు ఉండేవి.

ఒకరోజు అడిగేశాను.

"కండ్లల్ల ఏమేస్తున్నవు చెల్లె?"

"నిద్ర," అంది తల తిప్పకుండా.

నేను నమ్మలేదు. ఏదో దాస్తోందనుకున్నాను. ఒకసారి ఆమె డబ్బాలో పొన్నగంటి కూర కనబడింది. దొరికిందిరా కిటుకు అనుకుని ఇంటికి పోతూ సంచి నిండా పొన్నగంటి కొనుక్కుపోయాను. ఆ తర్వాత చాలా రోజులు మా ఇంట్లో పప్పులో అదే, వేపుడులో అదే.

"గొడ్డు గడ్డి మేసినట్టు మేస్తున్నవు, కండ్లు గట్లనే ఉన్నయి," అంది మా ఇంటామె. "గా పిల్లను సూసి ఏడ్సుడు బంద్ జెయ్యి. కండ్లు అవే మంచిగైతయి."

నేనెవరినీ చూసి ఏడవడం లేదని చెప్పాను. ఆ మాట చెబుతున్నప్పుడు కూడా కళ్లలోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి.

పని చేసేటప్పుడు ఆమెకు కొన్ని అలవాట్లుండేవి. నేను వాటిని చూసి నవ్వుకునేవాణ్ని. పొద్దున అద్దాల్లోంచి ఎండ పడుతుంటే తెర వెలుగు పెంచేది. మధ్యాహ్నం షట్టరు సగం దించగానే తగ్గించేది. సందెవేళ ట్యూబులైటు వేయగానే ఇంకా కొంచెం తగ్గించేది. కరెంటు పోయి ఇన్వర్టరు మీద ఒక్క బల్బు మిగిలితే మళ్లీ బటను మీదికి చెయ్యి పోయేది. మధ్యమధ్య తలెత్తి రోడ్డవతలి నీళ్ల ట్యాంకు వైపు చూసేది. పనిదొంగ అనుకునేవాణ్ని.

"హార్మోనియం వాయిస్తున్నవా చెల్లె?" అన్నాను ఒకసారి, ఆమె వేళ్లు బటను మీద ఆడుతుంటే.

"వాయిస్తున్న గని నీకు పాట వినరాదన్నా," అంది.

అప్పటికే అందరి చేతుల్లోకి ఫోన్లు వచ్చాయి. పుట్టినరోజులకు మమ్మల్ని పిలవడం మానేశారు. పెళ్లిళ్లు మిగిలాయి గాని వాటిలోనూ సగం బేరాలు హైదరాబాదు వాళ్లు ఎగరేసుకుపోతున్నారు. ఒకరోజు సేటు మా ఇద్దరినీ కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. మా సేటు తనంతట తాను చాయ్ తెప్పిస్తే అది మంచి కబురు కాదని మాకు తెలుసు.

"దాచుడెందుకు ఉస్తాద్," అన్నాడు. "ఇద్దర్ని నడిపేటంత పని లేదిప్పుడు. గీ సీజను దాటినంక ఒక్కలే ఉంటరు. తిరుమలగిరి పెండ్లి ఒకటున్నది. పిల్ల దిక్కోళ్లకో ఆల్బం, పిలగాని దిక్కోళ్లకో ఆల్బం. చెరొకటి చెయ్యిండ్రి. సూద్దాం."

ఆమె చాయ్ మొత్తం తాగింది. నాది మీగడ కట్టింది. ఆమెకు పిల్లల చదువులున్నాయి. నాకు యాభై ఎనిమిదేళ్లు, ఆ కుర్చీ లేకపోతే పొద్దున లేచి ఎటు పోవాలో తెలియదు. ఎవరి అవసరం పెద్దదో అప్పుడే అర్థమైంది నాకు. అర్థమైనా నాదే పెద్దదనుకున్నాను.

ఇంటికి నడుస్తూ ఆలోచించాను. కిటుకు కూరలో లేదు, నిద్రలో లేదు, ఇంకెక్కడుంటుంది? కుర్చీలో ఉంది. అద్దాల తలుపు దగ్గర గాలీ వెలుతురూ వస్తాయి కాబట్టే ఆమె కళ్లు అలా ఉన్నాయి. మరునాడు తొందరగా పోయి ఆమె వచ్చేసరికి ఆమె కుర్చీలో కూర్చున్నాను.

"కస్టమర్లతోని మాట్లాడుడు పెద్దమనుషుల పని చెల్లె. నేను ముందర కూసుంట. నువ్వు లోపలికి పో, ఏసీ గూడ ఉన్నది."

"ఏసీ ఖరాబై ఏడాదాయె గదన్నా."

"ఫ్యాను ఉన్నది."

ఆమె సంచీ, నీళ్ల సీసా తీసుకుని లోపలికి పోయింది. పోగానే నా ఎర్ర పరదా ఊడదీసి మడతపెట్టింది. తెర వెనకాల గోడ మీద ట్యూబులైటు వేసింది. తర్వాత నా బటను మీద చెయ్యి పెట్టింది.

"గింత వెలుగుల ఎట్ల కూసున్నవన్నా? లారీ లైట్లకు ఎదురుంగ నిలబడ్డట్టుంది," అంది లోపలి నుంచే.

వినబడనట్టు కూర్చున్నాను.

ఆ కుర్చీలో నాకు దొరికిన సుఖం ఏమిటో చెప్తాను. తలుపు తూర్పుకు ఉంది. పొద్దున ఎండ తెర మీద పడితే ఫొటో కనబడేది కాదు, నా ముఖమే కనబడేది. అంతసేపు దాన్ని చూసే అలవాటు నాకు లేదు. వెలుగు ఆఖరికి తోశాను. అయినా ముఖాలు చీకటిగా కనబడుతుంటే ఆ ముఖాలను తెల్లగా లాగాను. మధ్యాహ్నం ఎండ తప్పుకునేది. సాయంత్రం షట్టరు దిగాక అదే తెర కుంపటిలా మండేది. అప్పుడు ఫొటోలు మరీ తెల్లగా ఉన్నాయనుకుని వాటిని కిందికి దించాను. బటను ఉందన్న సంగతే తోచలేదు. గదిలో వెలుగు మారితే తెరను మార్చాలి. నేను తెరను వదిలేసి ఫొటోలను మార్చాను.

ముహూర్తం పేజీలు పొద్దుటిపూట చేశాను. అప్పగింతల పేజీలు సాయంత్రం చేశాను. లోపల ఆమె కూనిరాగం తీస్తూ పనిచేసేది. ఆ కూనిరాగం వినబడ్డప్పుడల్లా నా చెయ్యి ఇంకాస్త కసిగా ఆడేది. కళ్లు మునుపటికంటే ఎక్కువ మండేవి. కుర్చీ కొత్తది కదా, అలవాటు పడితే తగ్గుతుందని సర్దిచెప్పుకున్నాను.

ఆల్బములు హైదరాబాదు ల్యాబు నుంచి వచ్చిన రోజు మా స్టూడియో ముందు తిరుమలగిరి మొత్తం దిగింది. అంటే, ఒక జీపు దిగింది. అందులో రెండు వైపుల వాళ్లూ కలిసి ఒక ఏడుగురు ఉంటారు, చంకలో పిల్లలను కూడా మనుషుల కింద లెక్కేస్తే.

నా ఆల్బం పెండ్లికూతురు నాయినమ్మ ఒళ్లో పెట్టారు. ఆమె కొంగుతో అద్దాలు తుడుచుకుని మొదటి పేజీ తెరిచింది. ముహూర్తంలో పిల్ల పిండి జల్లెడ కింద నిలబడి వచ్చినట్టు ఉంది. బొట్టు, రెండు కళ్లు తప్ప ముఖంలో ఇంకేమీ లేదు. ముసలామె పేజీలు తిప్పుకుంటూ పోయింది. అప్పగింతల దగ్గరికి వచ్చేసరికి కరెంటు పోయినట్టైంది. చీరె అంచు లేదు. పిల్ల కన్నీళ్లు లేవు. పక్కన పట్టుకుని ఏడుస్తున్న నాయినమ్మే లేదు.

"గీడ నేనుంటి గదనే," అంది ఆమె, పేజీని కళ్ల దగ్గరికి తెచ్చుకుని. "యాడికి పోయిన?"

ఆమె ముందుకు తిప్పింది, మళ్లీ వెనక్కి తిప్పింది.

"పొద్దుగాల ఒక పిల్లకు తాళి కట్టిచ్చిండ్రు. సందెకు ఇంకో పిల్లను అత్తగారింటికి తోలిండ్రు. మా పిల్ల ఏదయ్యా?"

జీపు మొత్తం నవ్వింది. పెండ్లికూతురు కూడా నవ్వింది. నేనూ నవ్వి, ఉస్తాద్‌లకు తప్ప ఎవరికీ తెలియని విషయం చెబుతున్నట్టు గొంతు తగ్గించాను.

"అవ్వా, గీ పేజీలు నీడల సూడాలె. గవి ఎండల సూడాలె. గట్ల చేసిన."

"గట్లనా. అయితే ఆల్బం సూడాలంటె ఇంట్లకెల్లి వాకిట్లకు, వాకిట్లకెల్లి ఇంట్లకు ఉరుకాల్నా కొడుకా? నా మోకాళ్లు నీకు తెల్వయి."

పెండ్లికొడుకు వైపు వాళ్లు మా చెల్లె చేసిన ఆల్బం పక్కనే తెరిచారు. అదే పిల్ల, అదే ముహూర్తం. నుదుటి మీద సన్నగా చెమట ఉంది. చామనఛాయ పిల్ల చామనఛాయగానే ఉంది. అప్పగింతల్లో కన్నీళ్లున్నాయి, నాయినమ్మ ఉంది, నాయినమ్మ ముక్కుపుడక కూడా ఉంది. పెండ్లికూతురు వంగి ఆ ఫొటో మీద వేలు పెట్టింది.

"గిది నేను," అంది.

నన్ను చాలామంది తిట్టారు, ఏ తిట్టూ ఆ రెండు మాటలంత గట్టిగా తగల్లేదు. ఎన్నో ఏళ్లు ఎన్నో ముఖాలు చేశాను. మస్తుగుంది అన్నారు, హీరోయిన్ లెక్క ఉన్న అన్నారు. ఎవరూ నేను చేసిన ఫొటో మీద వేలు పెట్టి ఇది నేను అనలేదు. పరదా వెనక నిలబడి చెల్లె ఆ మాట వింది. పరదా అంటే, పరదా ఉండే చోటు. ఆమె ముఖం చూడటం ఇష్టం లేక నేను గోడ మీది గడియారం చూశాను.

పెండ్లికూతురు వైపు ఆల్బం మళ్లీ చేయమని సేటు ఆమెకు ఇచ్చాడు. జీపు పోయాక నా దగ్గరికి వచ్చాడు.

"సీజను దాటేదాంక ఉండు ఉస్తాద్," అన్నాడు. చాయ్ తెప్పించలేదు.

ఇంట్లో మాత్రం నేనే వదులుకున్నానని చెప్పాను. పాపం ఆ పిల్లకు చిన్నపిల్లలున్నారు, కుర్చీ ఆమెకే ఇమ్మని సేటుతో కొట్లాడానని చెప్పాను. మా ఇంటామె ఆ పూట నన్ను ఎంతో గౌరవంగా చూసింది, అడగకుండా పెరుగు వేసింది. మరునాడు సేటు భార్య ఆమెకు బజారులో కలిసి అసలు సంగతి చెప్పడంతో ఆ పెరుగు కూడా పోయింది.

ఇక నాకు మిగిలింది ఒకే ఒక్క పని. దేవరకొండ వాళ్ల పెళ్లి ఆల్బం. కోట రాళ్ల మీద పెండ్లికొడుకునూ పెండ్లికూతురునూ నిలబెట్టి తీసిన ఫొటోలు కూడా ఉన్నాయి అందులో. చెల్లె ముందరి కుర్చీలోకి తిరిగి వచ్చింది, నేను లోపలికి పోయాను. పరదా మళ్లీ కట్టుకోవాలనిపించలేదు. తెర వేసి, బటను వైపు చూస్తూ కూర్చున్నాను. ఎంత తగ్గించాలో తెలియదు. అడగడానికి నోరు రాదు.

కాసేపటికి ఆమే గుమ్మంలోకి వచ్చింది.

"అడిగితె చెప్పనా అన్నా?"

"ఏమడగాలె?"

"గదే. కడుపుల పెట్టుకున్నవు గదా, గది."

ప్రింటరులోంచి ఒక తెల్లకాగితం లాగి తెర పక్కన నిలబెట్టింది. తెర మీద ఖాళీ తెల్ల పేజీ ఒకటి తెరిచింది.

"కాయితం సూడు, తెర సూడు. తెర దీపం లెక్క కొట్టొచ్చినట్టుంటె వెలుగు ఎక్వున్నట్టు. బూడిద లెక్కుంటె తక్వున్నట్టు. రెండు ఒక్కతీరుగుంటె సరి. రూముల వెలుగు మారినప్పుడల్ల మళ్ల సూసుకో."

"గంతేనా?"

"గంతే. వెనకకెల్లి జర లైటుండాలె, మొత్తం చీకట్ల కూసోవద్దు. ఎండ సక్కగ తెర మీద పడొద్దు. మద్దెల మద్దెల దూరం సూడు, రెప్పలు కొట్టు. తెర సూస్తుంటె రెప్ప కొట్టుడు గూడ మర్సిపోతం."

"నీకెవరు నేర్పిండ్రు?"

"ఎవ్వలు నేర్పలే. ఫ్లెక్సీ షాపుల ఒక లీడరు ముఖం బొగ్గు లెక్క కొట్టిన. ఆయన మనుషులు షాపుకొచ్చి చేసిన లొల్లికి నేర్సుకున్న."

నాకు కోపం వచ్చింది. ఏదైనా పెద్ద విద్య అయితే ఓడిపోయినా మర్యాదగా ఉండేది. ఒక కాగితం, ఒక బటను చేతిలో ఓడిపోయాను. ఆ కోపంతోనే వెలుగు తగ్గించాను. మొదట అంతా చప్పగా కనబడింది, తెర జబ్బు పడ్డట్టు అనిపించింది. కాసేపటికి కళ్లు దానికి అలవాటుపడ్డాయి. పెండ్లికూతురు బుగ్గ మీద వెలుగు ఎక్కడ ఆగి నీడ ఎక్కడ మొదలవుతుందో కనబడింది. అన్నేళ్లుగా నేను చూడనిది అదే. ఆ పని చేసినన్ని రోజులు పొద్దునా మధ్యాహ్నమూ సందెవేళా కాగితం పెట్టి చూసుకున్నాను. సాయంత్రాలు కళ్లు మండలేదు. పొన్నగంటి కొనడం మానేశాను, మా ఇంట్లో అందరూ సంతోషించారు.

పిల్లలూ, మీరు గదిలో దీపం ఆర్పేసి దుప్పట్లో ఫోను ముఖానికి పట్టుకుంటారే, అది నా పాత డార్క్ రూమే. పరదా ఒక్కటే తక్కువ. ఇంతకంటే మీకు చెప్పను, చెబితే మీ కళ్లు కూడా బాగుపడతాయి, అది చూసి నేను మళ్లీ ఓర్చుకోవాలి.

దేవరకొండ ఆల్బం వచ్చింది. పెండ్లికూతురు తండ్రి, తల్లి కౌంటరు మీదే పెట్టుకుని తెరిచారు. నేను లోపలి గుమ్మంలో, పని ఉన్నట్టు ఒక వైరు చుడుతూ నిలబడ్డాను. ముహూర్తంలోనూ అప్పగింతల్లోనూ ఒకే పిల్ల ఉంది. కోట రాళ్లు రాళ్లలాగే ఉన్నాయి. తండ్రి చాలాసేపు ఒక పేజీ దగ్గర ఆగిపోయాడు. తర్వాత తలెత్తి, ఎదురుగా కూర్చున్న చెల్లెతో అన్నాడు:

"నీ చేతుల ఏమున్నదో బిడ్డా. మా పిల్ల ఎదురుంగ కూసున్నట్టే ఉన్నది."

వైరు చుట్టడం ఆపాను. ఆమె నిజం చెప్పాలని నాకు ఉంది. చెప్పకూడదని కూడా ఉంది. చెప్పకపోతే బతికినన్నాళ్లు తిట్టుకోవడానికి నాకొక ఆధారం దొరికేది.

"నేను చెయ్యలే సార్," అంది ఆమె. "మా అన్న చేసిండు."

తండ్రి నా వైపు చూశాడు. తల్లి కూడా చూసింది. చూసి, ఆమె వైపు తిరిగి మెచ్చుకోలుగా నవ్వింది.

"గింత మంచిగ చేసి గూడ పెద్దమనిషికి ఇజ్జత్ ఇస్తున్నది సూడు. తల్లిదండ్రులు మంచిగ పెంచిండ్రమ్మా నిన్ను."

పోయేటప్పుడు ఆమె పిల్లల కోసమని మిఠాయి పొట్లం కూడా కౌంటరు మీద పెట్టి పోయారు. ఆల్బం చేసిన పేరు ఆమెకే పోయింది, నిజం చెప్పిన పేరు కూడా ఆమెకే పోయింది, మిఠాయి సరేసరి.

"నేను చెప్పిన గదన్నా," అంది పొట్లం విప్పి నా ముందుకు జరుపుతూ.

"వాళ్లు నమ్మలే గద చెల్లె."

"మరి నువ్వు మంది నమ్మేటట్టు ఉండాలె," అంది.

లడ్డూ తీసుకున్నాను. ఆ మాట మాత్రం ఇప్పటికీ అరగలేదు. ఈ కథలో కూడా జిల్లా అంత చెప్పి గల్లీ అంత ఒప్పుకున్నాను, తిరుమలగిరి అంత చెప్పి జీపు అంత ఒప్పుకున్నాను. మీకు నా మీద నమ్మకం పోయి ఉంటే తప్పు మీది కాదు. కానీ ఆ దేవరకొండ ఆల్బం మాత్రం నేనే చేశాను.